మూర్ఛరోగ వైద్యము - నూతన వైద్యుల శిక్షణము

మిరపకోత వచ్చినదనిన పలనాటి కల్లములయందును, ఒంగోలు వైపు మెట్టచేలయందును కూలిజనము వేలకొలది చేరుదురు. ఎండలో కాయ యేరుచున్న పదునెనిమిదేండ్ల పిల్ల యొకతె హఠాత్తుగా బిగుసుకొని నేల కొరగినదనుకొందము. పిమ్మట జరుగునది మా పాఠకులలో పలువురు కన్నులార చూచినదే. ఒకరు తాళపుచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టుదురు. ఒకరు ఉల్లిగడ్డ చిదిపి ముక్కుకడ పట్టుదురు. ఇంకొకరు పండ్ల నడుమ చెంచా దూర్ప యత్నింతురు. రెండు మూడు నిమిషములలో మూర్ఛ దానంతట నదియే తగ్గును. తగ్గించిన కీర్తి మాత్రము తాళపుచెవులకు దక్కును. ఆ రాత్రి తల్లి పిల్లను దగ్గఱకు తీసి, ఈ సంగతి బయట నెవ్వరితోను అనవలదని యొట్టు పెట్టించుకొనును.

ఈ పిల్లకు లోపించినదేది? మందు కాదు. ఫినోబార్బిటాల్ 1912 నుండియు, ఫెనిటాయిన్ 1938 నుండియు వైద్యులకు అందుబాటులో నున్నవి. తరువాత వచ్చిన మందులు మఱియెన్నో కలవు. పాతమందుల నెలవెల యొకనాటి కోతకూలికి మించదు. సరిగా గుర్తించి సరిగా మందిచ్చినచో మూర్ఛరోగులలో నూటికి 70 మంది వఱకు మూర్ఛ లేకయే బ్రతుకగలరని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. లోకమున నిట్టి రోగులు దాదాపు 5 కోట్లమంది. మన దేశముననే కోటిమందికి తక్కువ యుండరని తఱచు వేయబడు అంచనా. ఇక లోపించిన దేదనగా, ఆ పిల్లకు వచ్చినది మూర్ఛయా కాదా, మూర్ఛయైనచో నేజాతిది, ఏ మందు ఎంత మోతాదున ఎన్నేండ్లు వాడవలెను, పెండ్లికి ముందు దానిని మార్చవలెనా యని నిలిచి విచారింపగల వైద్యుడు. అట్టివాడు ఆకాశమునుండి ఊడిపడడు. వానిని తయారుచేయవలెను, తయారైన వానిని నిలుపుకొనవలెను. ఈ రెండు పనులలో నేదియు మనము సరిగా చేయుటలేదనియే మా యభియోగము.

మన పూర్వులు ఈ రోగము నెఱుగనివారు కారు. చరకసంహితలో అపస్మారమునకు నిదానమును, చికిత్సయు వేర్వేరు అధ్యాయములుగా నున్నవి. స్మృతి తొలగుటయే ప్రధానలక్షణమని పేరులోనే చెప్పిరి. నటరాజమూర్తి పాదముక్రింద నణగియున్న మరుగుజ్జునకు అపస్మారపురుషుడని పేరు. రోగమునకు రూపు కల్పించినవారు దానిని దేవుని కాలిక్రింద నుంచిరి. మనము దానిని పైకి తీసి రోగి నెత్తికెక్కించితిమి. హిందూవివాహశాసనమునకు 1976లో జరిగిన సవరణలో, మాటిమాటికి మూర్ఛ వచ్చువారు వివాహమున కర్హులు కారని వ్రాసిరి. ఆ మాటను 1999లో పార్లమెంటు తొలగించినది. శాసనము మారి పాతికేండ్లు దాటినను సంబంధములు చూచువారి మనస్సు మారలేదు.

దీనికిని వైద్యుల శిక్షణమునకును సంబంధమేమని కొందఱు అడుగవచ్చును. కలదు. పెండ్లి ప్రశ్న పురోహితునికంటె ముందు వైద్యునికడకే వచ్చును. "పిల్లకు పెండ్లి చేయవచ్చునా, డాక్టరుగారూ?" అని తల్లి గొంతు తగ్గించి యడిగినపుడు ఆ యువవైద్యుడు చెప్పవలసిన జవాబు గొప్ప విద్యతో కూడినది. వాల్ప్రోయేటను మందు మిగుల గుణకారియే. కాని గర్భిణి దానిని వాడినచో శిశువులలో నూటికి పదిమందికి అవయవలోపములు కలుగవచ్చును. అంతకంటె నెక్కువమందికి బుద్ధివికాసము కుంటుపడవచ్చును. కావున సంతానము కలుగు ఈడు పిల్లకు మొదటనే వేఱుమందు ఆలోచింపవలెను. అట్లని భయపడి యొక్కనాట మందు మానిపించినచో మూర్ఛ తిరుగబడి తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము కలుగును. తిరువనంతపురములో 1998 నుండి మూర్ఛరోగముగల గర్భిణుల వివరములను వరుసగా వ్రాసియుంచుచున్నారు. ఇట్టి విషయములలో మన దేశపు వైద్యులకు అది గొప్ప యాధారము. ఇవేవియు చదువుకొను కాలమున గురువువద్ద చూడని వైద్యుడు "పెండ్లి వలదు" అనియైన ననును, "ఏమియు కాదు" అనియైన ననును. రెండును తప్పే. రెండింటికిని మూల్యము చెల్లించునది ఆ పిల్లయే.

మూర్ఛవైద్యమున కొక వింత కలదు. రోగము వైద్యుని కన్నులయెదుట కనబడుట అరుదు. జ్వరము చేయి పట్టిన తెలియును. విరిగిన యెముక చిత్రములో కనబడును. మూర్ఛ మాత్రము చేనిలోనో, బడిలోనో, అర్ధరాత్రి మంచముమీదనో వచ్చిపోవును. వైద్యునికడకు వచ్చునాటికి రోగి మనవలెనే కూర్చుండి మాటాడుచుండును. కావున చూచినవారి మాటయే ఇచట సగము వైద్యము. "బిగుసుకపోయినాడు", "కండ్లు తేలవేసినాడు", "చూపు నిలబడిపోయి నోరు చప్పరించినాడు", "కాసేపు మనిషి మనిషిగా లేడు" - ఈ మాటలలో నొక్కొకటి మెదడులో నొక్కొక తావును చూపును. మన వైద్యవిద్యార్థి ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో పరీక్ష వ్రాసి, మాచెర్లనుండి వచ్చిన ముసలమ్మను "ఫిట్స్ వచ్చినవా?" అని యడుగును. ఆమె "వచ్చినవి బాబూ" అనును. అంతటితో చరిత్ర ముగిసినది! ముసలమ్మ చెప్పదలచిన దంతయు ఆమె కడుపులోనే యుండిపోయినది. ఈ వినుట యను విద్యను ఏ పాఠ్యగ్రంథమును నేర్పదు. వినగల గురువు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెను. నేడు ప్రతి జేబులోను ఫోను కలదు గనుక, మఱల వచ్చినపుడు బొమ్మ తీసి తెమ్మని ఇంటివారికి చెప్పుటయు నీ విద్యలోని భాగమే.

బడిలో క్షణకాలము చూపు నిలిపి పలక వదలివేయు పిల్లవానిని పరధ్యానమని కొట్టిన ఉపాధ్యాయులు లేకపోలేదు. అదియు మూర్ఛలో నొకజాతియే. ఇందుకు భిన్నముగ, చూచుటకు అచ్చముగ మూర్ఛవలె నుండి మెదడు విద్యుత్తుతో సంబంధము లేక, మనోవేదనవలన వచ్చునవియు కలవు. మందులకు లొంగని మూర్ఛయని పెద్ద కేంద్రములకు పంపబడువారిలో నూటికి 20, 30 మంది వఱకు నిట్టివారే యుందురు. పల్లెలో దీనిని గాలి సోకినదందురు. పట్టణములో మూడు నాలుగు రకముల మాత్రలిత్తురు. గాలి వదలించువానికంటె మాత్రలిచ్చినవాడు హెచ్చు శాస్త్రజ్ఞుడని మేము చెప్పజాలము.

మన ప్రాంతమునకే తగిన చిక్కులు మఱికొన్ని కలవు. ప్రత్తిచేనిలో పురుగుమందు చల్లుచు పడిపోయినవానికి వచ్చినది మూర్ఛరోగమే కానక్కఱలేదు. ఎండోసల్ఫాన్ ఒంటికెక్కినచో తీవ్రమైన మూర్ఛలు వచ్చునని లోకమెఱిగినదే. 2011లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినది. తక్కిన విషములలోను అట్టివి కలవు. విషము దిగిన పిదప ఆ మనుష్యునికి ఏండ్లతరబడి మాత్రలు వేయ నవసరము లేదు. త్రాగుడు మానిన రెండవనాడు వచ్చు మూర్ఛయు నట్టిదే. ఇక బద్దెపురుగు గ్రుడ్లు అశుభ్రమైన నీటితోను, కూరగాయలతోను కడుపులోనికి పోయి, మెదడులో చిన్న తిత్తిగా నిలిచి మూర్ఛ తెప్పించుట మన దేశమున సర్వసాధారణము. శాకాహారులమని ధైర్యపడువారికి మా మనవి: ఈ గ్రుడ్లు మాంసముతో రావు, మనుష్యుల మలమంటిన పచ్చికూరలతో వచ్చును. స్కానులో ఆ చుక్కను చూచి క్షయ గడ్డయని నెలలకొలది మందు మ్రింగించుటయు, కంతియని ఇంటిల్లిపాదిని హడలగొట్టుటయు కలవు. చూడ నేర్చినవానికి అది తఱచు కొలదికాలమున మానిపోవు వస్తువు.

ఇక యంత్రము సంగతి. మెదడు విద్యుత్తరంగములను నెత్తిపై తీగలంటించి వ్రాయుటను జర్మనీ దేశీయుడైన హాన్సు బెర్గరు 1924లో సాధించి, 1929లో ప్రకటించెను. ఆ ఇ.ఇ.జి. యంత్రములు నేడు గుంటూరులో వీధి కొక్కటి యున్నను ఆశ్చర్యములేదు. అయితే హార్మోనియము కొన్నంతమాత్రమున సంగీతము రాదు. అరగంట తీసిన కాగితము శుద్ధముగ నున్నంతనే రోగము లేదని చెప్పరాదు. కునుకుపాటులో వచ్చు సహజమైన అలను చూచి రోగమని చెప్పినచో అంతకంటె ఘోరము. ఒక్క తప్పుమాటకు ఒక జీవితము మాత్రలపాలగును, ఒక ఉద్యోగము పోవును, ఒక సంబంధము చెడును. ఉన్నదానిని కనుగొనలేని వైద్యునికంటె లేనిదానిని కనుగొను వైద్యునికే మేము హెచ్చు వెఱతుము. గురువు కనుసన్నల వందలకొలది కాగితములు చదివిననే గాని యీ చూపు కుదురదు. ఆసియా మూర్ఛరోగ అకాడమీవారు ఇ.ఇ.జి. చదువుటయందు పరీక్ష పెట్టి యోగ్యతాపత్రము లిచ్చుచున్నారు. మన జిల్లా యాసుపత్రులలో ఇ.ఇ.జి. చదువు వైద్యుని "మీ కా పత్రము కలదా?" యని యడుగువాడెవడు? తీగలు తిన్నగా నంటించు సాంకేతికుని శిక్షణమును గూర్చి మొదలే యడుగవద్దు.

ఇంత విద్య నొక్కడు సంపాదించుటకు ఎన్నేండ్లు పట్టునో లెక్కింతము. ఎం.బి.బి.యస్. ఇంటర్నుషిప్పుతో కూడ అయిదున్నర యేండ్లు. జనరల్ మెడిసిన్‌లోనో, పిల్లల వైద్యములోనో ఎం.డి. మూడేండ్లు. న్యూరాలజీలో డి.ఎం. మూడేండ్లు. పదునెనిమిదవ యేట చేరినవాడు ఏ ప్రవేశపరీక్షకును ఒక్క సంవత్సరమైనను వ్యర్థము చేయకున్నచో - అట్టి యదృష్టవంతులు కొలదిమంది - ముప్పదియవ యేట న్యూరాలజిస్టు కాగలడు. ఆ మూడేండ్లలోను పక్షవాతమే అతని కాలము నెక్కువగ మ్రింగును. అది తప్పు కాదు. గంటలలో ప్రాణము నిలుపవలసిన రోగమది. మూర్ఛకు మిగులు కాలము తక్కువ. తరువాత మూర్ఛవైద్యమునందే ప్రత్యేకముగ నొక యేడు నేర్వదలచినచో తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకో, బెంగుళూరులోని నిమ్హాన్సుకో పోవలెను. స్థలములు మిగుల కొలది. తోడిచదువరులు ఆసుపత్రులు కట్టి కార్లు కొనుచుండగా, ఆలుబిడ్డలున్న ముప్పదియొకటేండ్లవాడు ఇంకను విద్యార్థియై విద్యార్థివేతనముతో బ్రతుకవలెను. ఆడుపిల్లలకు ఈ కష్టము రెట్టింపు. నేడు వైద్యకళాశాలలలో వారు దాదాపు సగముమంది. బిడ్డలను కనవలసిన వయస్సును, ఈ పైచదువు వయస్సును ఒక్కటే యగుటచేత, ఇంటిపెద్దలు "ఇక చాలులే అమ్మా" అని యొక్కమాటతో ముగింతురు. ఆ పెద్దలలో మా పాఠకులును కొందఱుందురని మాకు తెలియును.

ఒక్కనిని తయారుచేసినంతమాత్రమున ఏమగునని నిరుత్సాహపడువారు మన పొరుగు చరిత్రను చూడవచ్చును. జాకబ్ చాండీ మాంట్రియాలులో పెన్‌ఫీల్డువద్ద శిక్షణము పొంది, 1949లో వెల్లూరు చేరి దేశములో మొదటి మెదడు శస్త్రచికిత్సాశాఖను నెలకొల్పెను. 1952లో అచటనే మూర్ఛకు శస్త్రము చేసెను. తిరువనంతపురములో డాక్టరు కె. రాధాకృష్ణన్ నాయకత్వమున 1995లో మూర్ఛశస్త్రములు ఆరంభమై, 1998లో సమగ్ర మూర్ఛవైద్యకేంద్ర మేర్పడెను. దేశపు నలుమూలలనుండి రోగులును, నేర్వగోరు వైద్యులును అచటికి పోవుచున్నారు. ఆ రెండు చోట్లను గోడలు మనుష్యునికంటె ముందు లేవలేదు. మనుష్యుడు తిరిగివచ్చెను, అతనికి పని చేయుటకు చోటిచ్చిరి, తక్కినది పెరిగెను.

శస్త్రమన్న మాట వినగానే మనవారు ఉలికిపడుదురు. మూర్ఛరోగులలో దాదాపు మూడవవంతుమందికి రెండు మందులు సక్రమముగ వాడినను రోగము లొంగదు. వారిలో తగినవారికి శస్త్రమెంత మేలు చేయునో పరీక్షలే చెప్పుచున్నవి. 2001లో కెనడాలో ప్రకటించిన పరీక్షలో, శస్త్రము నిర్ణయింపబడినవారిలో ఏడాది తరువాత నూటికి 58 మంది తెలివితప్పు మూర్ఛలనుండి విడివడిరి. మందులతోనే యున్నవారిలో 8 మంది. 2017లో ఢిల్లీ అఖిలభారత వైద్యసంస్థవారు 116 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో శస్త్రమైనవారిలో నూటికి 77 మంది మూర్ఛలేక యుండిరి. తక్కినవారిలో 7 మంది. హైదరాబాదు, సికింద్రాబాదులలో నీ శస్త్రములు జరుగుచున్నవి. కాని ఎవనిని పంపవలెనో తెలిసిన వైద్యుడు వినుకొండలోను, కనిగిరిలోను లేనిచో హైదరాబాదు ఎంత దగ్గఱనున్నను ఏమి ఫలము? పదేండ్లు, పదునైదేండ్లు మందులు మార్చి మార్చి, చదువు మాని, కాలువలోనో పొయ్యిలోనో ఒకసారి పడి, అప్పటికి పెద్దాసుపత్రికి చేరువా రున్నారు. సాగరు కాలువగట్టున బట్టలుతుకుచు మూర్ఛవచ్చి నీట పడినది చేరనే చేరదు.

అన్ని కష్టములకోర్చి నేర్చుకొన్నవాడు మన జిల్లాలకు తిరిగివచ్చినాడనుకొందము. అతని కొఱకు ఏమి కాచుకొనియున్నది? మన సర్కారు కొలువులో మూర్ఛవైద్యుడను పదవికి చోటు లేదు. అదనముగ చదివిన యేటికి జీతములోను, పైపదవిలోను లెక్క లేదు. ఒక్కొక్క రోగితో నలుబది నిమిషములు మాటాడవలసినవాడు ఉదయపు ఓ.పి.లో నూరుమంది వరుసలో చిక్కుకొనును. ప్రైవేటున కూర్చున్నచో, నలుబది నిమిషముల మాటకు రోగి రుసుమియ్యడు. స్కానుకు మాత్రము అప్పు చేసియైన నిచ్చును. సందేహము వచ్చిన అడుగుటకు తోటివాడు లేడు. తాను చూచిన వింతను వ్రాయుటకు తీరిక లేదు, వ్రాసినను చదివి దిద్దు పెద్ద లేడు. రెండేండ్లు చూచి అతడు హైదరాబాదునకో, సముద్రము దాటియో పోవును. అప్పుడు మనము మేధావులు వలసపోవుచున్నారని వ్యాసములు వ్రాయుదుము. మేమును అట్టి వ్యాసములు వ్రాసినవారమే. నేడు ఆ నింద మా యింటివైపే త్రిప్పుకొనవలసి వచ్చుచున్నది. కూర్చుండుటకు పీట వేయక, చుట్టము నిలువలేదని యేడ్చుట యెట్టి మర్యాద?

"ప్రాథమికారోగ్యకేంద్రములో మామూలు వైద్యుడే సరిగా లేడు, మీరు మూర్ఛకు ప్రత్యేకవైద్యులను కోరుచున్నారు" అను నాక్షేపణ వినవచ్చును. ఇది త్రోసివేయదగిన మాట కాదు. నూటికి 70 మందిని బాగుచేయుటకు ప్రత్యేకవైద్యుడు అక్కఱలేదు, తెలిసిన ఎం.బి.బి.యస్. వైద్యుడు చాలును. 1909లో బుడాపెస్టులో పుట్టిన అంతర్జాతీయ మూర్ఛరోగ నిరోధక సంఘమువారు 2019లో వైద్యుల కొఱకు నొక శిక్షణక్రమమును ప్రకటించి, విద్యను మూడు మెట్లుగా చేసిరి. మొదటి మెట్టు సామాన్యవైద్యునిది, తుదిమెట్టు పెద్దకేంద్రములలో పనిచేయువానిది. ఆ సంఘమునందు యువవైద్యులకు ప్రత్యేకవిభాగమును కలదు. ఇంటర్నెట్టు మూలమున పాఠములును చెప్పుచున్నారు. దర్శిలోనున్న వైద్యుడు రాత్రి కూర్చుండి వానిని చదువవచ్చును. చదువుచున్నవారు నిజముగనే కొందఱున్నారు, వారికి మా నమస్కారము. కాని చదివినదానిని రోగిపై సరిచూచి, "ఇది కాదు నాయనా, ఇట్లు చూడుము" అని చెప్పువాడు లేనిచో ఆ చదువు గోడమీది బొమ్మవలె నుండును. ఆ చెప్పువాడెవడు? పైమెట్టువాడే. పైమెట్టు లేని నిచ్చెనను క్రిందివా రెక్కలేరు. కావున ప్రత్యేకవైద్యుని మేము కోరుట అతడొక్కడే పదివేలమందిని చూచుటకు కాదు. ఏబదిమంది క్రిందివైద్యులకు గురువగుటకు.

గుంటూరు వైద్యకళాశాల 1946లో పుట్టినది. అచట నాడీవైద్యశాఖయు, డి.ఎం. చదువును కలవు. ఒంగోలున సర్కారు వైద్యకళాశాల కలదు. మంగళగిరిలో అఖిలభారత వైద్యసంస్థ 2018 నుండి చదువు చెప్పుచున్నది. ఈ మూడింటి నడుమ దూరము శ్రమపడవలసినంత కాదు. అయినను మూర్ఛవిషయమున నొక యువవైద్యుడు ఈ మూడింటిలోను వరుసగా పనిచేసి నేర్చుకొను నేర్పాటు మేము చూడలేదు. వారమున కొక్కదినము గుంటూరులో మూర్ఛరోగులకే కేటాయించి, ఆనాడు ఆ వైద్యుల నితర పనులకు పిలువకుండుటకు ఏ శాసనము నక్కఱలేదు. సూపరింటెండెంటుగారి సంతకము చాలును. అదేదినము సాయంకాలము మార్కాపురము, నరసరావుపేట, చీరాల, అద్దంకి వైద్యులు తమ చిక్కురోగుల సంగతులను టెలిఫోను తెరమీద పెట్టి యొక గంట చర్చించుటకును ఖర్చు లేదు. చర్చకు వరుసగా వచ్చినవానికి సర్వీసు పుస్తకములో నొక వ్రాత పడునట్లు చేసినచో చాలమంది వత్తురు. మనుష్యులు మెప్పు లేకయు పనిచేయుదురు గాని, తెగడ్తకును మెప్పునకును భేదములేని చోట ఎక్కువకాలము చేయరు.

ఖర్చయ్యెడు పని యొక్కటి కలదు. దానిని గూర్చియే మా పాఠకులతో ముఖ్యముగ మాటాడవలసియున్నది. మన ప్రాంతమువారు దానమునకు వెనుదీయువారు కారు. గుంటూరులో చదివి అమెరికాలో స్థిరపడిన పూర్వవిద్యార్థులు, జింకానా యను పేర, తమ పాత యాసుపత్రిలో మాతాశిశు భవనమునకు భారీ విరాళములు సమకూర్చిరి. మన రైతులును, వర్తకులును సత్రములు, కళాశాలలు, కల్యాణమండపములు కట్టించినవారే. కాని మన దానమంతయు రాతిమీద, ఇటుకమీద ప్రీతి గలది. గోడమీద పేరు చెక్కవచ్చును. యువవైద్యుని నుదుట చెక్కుటకు వీలులేదు. కాబోలు, మనుష్యునికి పెట్టువారు తక్కువ. విత్తనపు పొట్లమునకు వేలు పోసి, నకిలీది కాకుండ నాలుగుచోట్ల విచారించు మిరపరైతునకు మేము విత్తనము మాట చెప్పనేల?

మా కోరిక యిది. ఏటేట ఇద్దఱు - ఒకరు పెద్దల వైద్యమునుండి, ఒకరు పిల్లల వైద్యమునుండి. వీలైనచో నొకరు స్త్రీ - డి.ఎం. ముగించినవారిని ఎన్నుకొని, తిరువనంతపురమునకో బెంగుళూరునకో యొక యేడు పంపవలెను. ఆ యేడు వారి కుటుంబము గడచుటకు తగిన వేతనమును దాతల నిధినుండి యియ్యవలెను. వారు పోకముందే, తిరిగివచ్చి చేరవలసిన పదవిని సర్కారు కాగితముమీద వ్రాసియియ్యవలెను. వారితోపాటు నొక ఇ.ఇ.జి. సాంకేతికుని కూడ శిక్షణమునకు పంపవలెను. అతడు లేనిచో వైద్యుని నేర్పు సగము చెడును. వచ్చిన పిదప మొదటి మూడేండ్లు తమ గురువుతో నెలకొక్కసారియైన సంప్రతించు నేర్పాటుండవలెను. బాండు వ్రాయించుకొని కట్టివేయుటపై మాకు నమ్మకము తక్కువ. బాండునకు వెఱచి నిలిచినవాడు గడువు తీరినదినమున పెట్టె సర్దుకొనును. పనికి తగిన చోటు దొరకినవాడు ఊరివారు పొమ్మన్నను పోడు.

2022లో ప్రపంచారోగ్యసభ మూర్ఛరోగమును, ఇతర నాడీరోగములను గూర్చి పదేండ్ల కార్యక్రమము నంగీకరించినది. 2031 నాటికి రోగులలో నూటికి 90 మందికి తమ రోగము నయమగునదని తెలియవలెననియు, 80 మందికి మందు దొరకవలెననియు, మందు వాడువారిలో 70 మందికి మూర్ఛ అదుపులో నుండవలెననియు దాని గుఱి. మన దేశమును ఆ సభలోనిదే. న్యూరాలజిస్టు కగు పండ్రెండేండ్ల చదువుతో పోల్చిన 2031 దూరములో లేదు, నేడు డి.ఎం. ముగించుచున్నవారే ఆనాటికి మన చేతనుండువారు. ప్రతియేట నవంబరు 17వ తేదీని మన దేశమున మూర్ఛరోగ దినముగ జరుపుచున్నారు. ఆనాడు ఊరేగింపులు, పోటీలు, పూలదండలు జరుగుచునే యున్నవి. వానియెడ మాకు ద్వేషము లేదు. రాబోవు నవంబరు 17 నాటికి గుంటూరు, ఒంగోలు కళాశాలల యధికారులు ఏటి కిద్దఱిలో మొదటి యిద్దఱి నెన్నుకొనుటకు సిద్ధముగ నున్నారో లేరో ప్రకటింపవలెనని కోరుచున్నాము. దాతలు ముందుకువచ్చినచో వారి పేర్లను మా పత్రికలో ప్రకటింతుము. ఈ జిల్లాలలో పనిచేయుచున్న యువవైద్యులు తమ కష్టములను, సూచనలను మాకు వ్రాసిన, పేరు వలదన్నవారి పేరు దాచి, లేఖలను యథాతథముగ ముద్రింతుము.